ఒకే దారి.. ఒకే సరుకు.. తిరుగు ప్రయాణం ఖాళీ

జగ్గయ్యపేట: మామూలు లారీకి సరుకు భేదం లేదు. ఈ వారం బియ్యం, వచ్చే వారం మిర్చి టిక్కీలు, ఆపై ఎరువుల బస్తాలు. ఎక్కడ లోడు దొరికితే అక్కడికే దాని ప్రయాణం. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్‌ నార్ల తాతారావు థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం నుంచి జగ్గయ్యపేట వైపు సాగే బల్కర్ల సంగతి వేరు. గుండ్రని ఇనుప ట్యాంకు, దాని అడుగున గరాటాల వంటి మూతులు, పక్కనే గాలి కొట్టే కంప్రెషర్‌. ఏడాది పొడవునా ఇవి మోసేది బూడిదనే. వెళ్లే దారి ఒక్కటే. వచ్చేటప్పుడు ఖాళీ.

ఇలా ఒక పరిశ్రమకు, ఒక మార్గానికి, ఒకే సరుకుకు కట్టుబడి నడిచే వాహనాలను రవాణా రంగంలో ‘డెడికేటెడ్‌’ సర్వీసులంటారు. లారీ యజమాని బజారులో లోడు కోసం వెతుక్కోనక్కర లేదు. పరిశ్రమ కూడా లారీ దొరుకుతుందా లేదా అన్న బెంగ పెట్టుకోనక్కర లేదు. పైకి ఇరువైపులా లాభంగా కనిపించే ఈ ఏర్పాటులో యజమాని నిలదొక్కుకుంటాడా, అప్పులపాలవుతాడా అన్నది మాత్రం టన్నుకు ఇచ్చే కిరాయి ఒక్కదానిపై తేలదు. నెలకు ఎన్ని ట్రిప్పులు పడతాయి, గేటు వద్ద ఎన్ని గంటలు నిలబడాలి, ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది అన్న మూడు ప్రశ్నలే దానిని నిర్ణయిస్తాయి. ఒప్పంద పత్రాల్లో తరచూ ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోయేవీ ఇవే.

సున్నపురాయి ఇక్కడ.. బూడిద అక్కడ

కృష్ణా నదికి ఇరువైపులా పల్నాడు, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్‌ ప్రాంతాల్లో సున్నపురాయి నిక్షేపాలు విస్తారంగా ఉన్నాయి. మాచర్లలో కేసీపీ కర్మాగారం 1958లోనే ఉత్పత్తి ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో జగ్గయ్యపేట, మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి పరిసరాలు వరుసగా సిమెంటు కేంద్రాలయ్యాయి. ఒక టన్ను క్లింకరు తయారీకి సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. అంతటి బరువును దూరం మోయలేరు గనుక కర్మాగారమే గనుల వద్దకు వస్తుంది. మిగిలినవన్నీ కర్మాగారం వద్దకు రావాలి. బొగ్గు, జిప్సం, లేటరైట్‌, బూడిద.. అన్నీ బయటి నుంచే.

వీటిలో బూడిదది ప్రత్యేక స్థానం. మార్కెట్లో విరివిగా అమ్ముడయ్యే పోర్ట్‌లాండ్‌ పొజొలానా సిమెంటు, అంటే వ్యవహారంలో పీపీసీలో, భారత ప్రమాణాల ప్రకారం 15 నుంచి 35 శాతం వరకు థర్మల్‌ బూడిద కలపవచ్చు. కలిపిన మేరకు క్లింకరు ఆదా అవుతుంది. క్లింకరు ఆదా అంటే బట్టీలో కాల్చే బొగ్గు ఆదా. అందుకే ఒకనాడు పారబోసిన బూడిద నేడు కాటా వేసి తీసుకెళ్లే ముడిసరుకైంది.

విద్యుత్‌ కేంద్రం తొందర మరో రకమైనది. ఇబ్రహీంపట్నం కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్ల యూనిట్‌ ఒకటి ఉండగా, 2023లో 800 మెగావాట్ల యూనిట్‌ చేరడంతో సామర్థ్యం 2,560 మెగావాట్లకు పెరిగింది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. సాధారణంగా 30 శాతం పైమాటే. మండిన బొగ్గులో నుంచి పొగతో పాటు పైకి లేచే సన్నని బూడిదను విద్యుత్‌ క్షేత్రంతో పనిచేసే యంత్రాలు పట్టి సైలోలలో నింపుతాయి. సైలో ఎంత పెద్దదైనా హద్దంటూ ఉంటుంది. అది నిండితే బూడిదను నీటితో కలిపి చెరువులోకి పంపవలసిందే. అలా తడిసిన బూడిదను బల్కర్‌ మోయలేదు. సిమెంటు మిల్లుకూ అది పొడిబూడిదలా పనికి రాదు. కేంద్ర పర్యావరణ శాఖ 1999లో తొలిసారి బూడిద వినియోగాన్ని తప్పనిసరి చేసింది. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్‌ నిబంధనలను మరింత బిగించి, వినియోగం కాని ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారాన్ని విధించింది.

ఒకచోట సైలో నిండకూడదు. రెండోచోట సైలో ఎండకూడదు. బజారులో దొరికిన లారీతో ఈ లెక్క కుదరదు. పొడిబూడిద పిండికన్నా సన్నగా ఉండి గాలికి లేచిపోతుంది కాబట్టి టార్పాలిన్‌ కప్పిన లారీ సరిపోదు. మూసిన ట్యాంకే కావాలి. మోటుమర్రి నుంచి జగ్గయ్యపేట, మేళ్లచెరువు వైపు సరుకు రవాణాకు రైలు మార్గం ఉన్నా, రైలుకు ఒక్కసారిగా వేల టన్నుల సరుకు సమకూర్చాలి. సుమారు 60 కిలోమీటర్ల దూరానికి ఎక్కించడం, దించడం అన్న రెండు పనుల ఖర్చే తలకు మించుతుంది. అందుకే దగ్గరి దూరాల్లో రోడ్డుదే పైచేయి.

ట్యాంకు కొలతల్లోనే ముడి

ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు సిమెంటే నింపుకొని రావచ్చు కదా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. జగ్గయ్యపేట నుంచి విజయవాడకు, కాంక్రీటు మిశ్రమ కేంద్రాలకు విడి సిమెంటు వెళ్తూనే ఉంటుంది. అయితే బూడిద తేలిక, సిమెంటు బరువు. ఘనపు మీటరు సిమెంటు ఒకటింబావు టన్నుల దాకా తూగితే, అంతే పరిమాణపు బూడిద టన్ను లోపే. అందుకే బూడిద బల్కర్‌ ట్యాంకు పెద్దది, సిమెంటు బల్కర్‌ ట్యాంకు చిన్నది. పెద్ద ట్యాంకులో సిమెంటును సగానికి కాస్త పైగా మాత్రమే నింపాలి. నిండా నింపితే బరువు హద్దు దాటుతుంది.

నాణ్యత చిక్కు ఇంకొకటి. సిమెంటు మోసిన ట్యాంకులో బూడిద పోస్తే నష్టమేమీ లేదు, అది చేరేది సిమెంటులోకే. బూడిద మోసిన ట్యాంకులో సిమెంటు పోస్తే మాత్రం అడుగున మిగిలిన బూడిద కొనుగోలుదారు కాంక్రీటులో కలుస్తుంది. ప్రతి ట్రిప్పుకూ ట్యాంకును పూర్తిగా ఊది శుభ్రం చేస్తే ఈ పని సాధ్యమే. ఆ సమయం, ఆ బాధ్యత ఎవరివన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చుకోని చోట బల్కర్‌ ఖాళీగానే తిరిగి వస్తుంది.

మామూలు లారీ కిరాయిలో తిరుగు లోడు దొరుకుతుందన్న ఆశ కొంత కలిసే ఉంటుంది. బల్కర్‌ కిరాయిని ఆ కిరాయితో పోల్చి ‘ఇది బాగానే ఉందే’ అనుకోవడం తొలి పొరపాటు. 60 కిలోమీటర్ల పనికి 120 కిలోమీటర్ల డీజిలు, 120 కిలోమీటర్ల టైర్ల అరుగుదల, మధ్యలోని టోల్‌ రెండు వైపులా లెక్కలోకి రావాలి.

ట్రిప్పుల లెక్క

ఇప్పుడు అసలు విషయం. ఒక బల్కర్‌పై నెలసరి వాయిదా, బీమా, పన్ను, డ్రైవర్‌ జీతం, టైర్లకు పక్కన పెట్టే సొమ్ము అన్నీ కలిపి నెలకు లక్షన్నర రూపాయల స్థిర ఖర్చు ఉందనుకుందాం. ఇది బండి తిరిగినా తిరగకపోయినా తప్పనిది. నెలకు 50 ట్రిప్పులు పడితే ట్రిప్పుకు 3 వేల రూపాయలు పడుతుంది. 25 టన్నుల లోడుపై టన్నుకు 120 రూపాయలు. అదే బండికి 30 ట్రిప్పులే పడితే ట్రిప్పుకు 5 వేలు, టన్నుకు 200. కిరాయి రూపాయి కూడా తగ్గలేదు. అయినా టన్నుకు 80 రూపాయలు కరిగిపోయాయి. డీజిలు ఇంకా లెక్కలోకి రానేలేదు.

50 ట్రిప్పులు 30కి పడిపోవడానికి ప్రమాదాలో, బందులో జరగనక్కర లేదు. లోడింగ్‌ వద్ద నాలుగు గంటలు, అన్‌లోడింగ్‌ వద్ద నాలుగు గంటలు అదనంగా నిలబడితే చాలు. విద్యుత్‌ కేంద్రంలో ఒక యూనిట్‌ మరమ్మతుకు ఆగితే ఆ యూనిట్‌ బూడిద ఆగుతుంది. వర్షాకాలంలో నిర్మాణాలు మందగిస్తే సిమెంటుకు గిరాకీ తగ్గి, కర్మాగారం సైలో నిండుగా ఉంటుంది. అప్పుడు గేటు బయట బారులు తీరిన బల్కర్లు నిల్వ గోదాములుగా మారతాయి. ఆ గోదాముకు అద్దె చెల్లించేది యజమానే. నిర్ణీత గంటలు దాటి ఆపితే ‘హాల్టింగ్‌’ చార్జీ చెల్లించాలన్న షరతు ఉన్నచోట సైతం, గంటలు ఎప్పటి నుంచి లెక్కించాలన్నదే తగవు. గేటు వద్దకు చేరిన సమయం నుంచా, కాటాపై ఎక్కిన సమయం నుంచా? బారు అంతా గేటుకు బయటే ఉంటుంది గనుక ఈ ఒక్క మాట తేడాతో షరతు ఉన్నా లేనట్లే అవుతుంది.

కిరాయి కట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది టన్నుకు ఇంత అన్నది. ఇందులో బండి ఆగిన నష్టమంతా యజమానిదే. రెండోది నెలకు స్థిరంగా కొంత, తిరిగిన ప్రతి కిలోమీటరుకు మరికొంత. పెద్ద నగరాల్లో గోదాముల సరుకు రవాణాకు వాడుకలో ఉన్న పద్ధతి ఇదే. దీనిలో బండిని నిలబెడితే నష్టం పరిశ్రమది గనుక బారులు వాటంతట అవే తగ్గుతాయి. ఈ రెండింటికీ నడుమ ‘కనీస ట్రిప్పుల హామీ’ అన్న మార్గం ఉంది. నెలకు ఇన్ని ట్రిప్పులు ఇవ్వలేకపోతే లోటుకు పరిహారం అన్నమాట. ఒకటి రెండు బండ్లున్న చిన్న యజమానికి టన్ను కిరాయిలో పది రూపాయల పెంపు కన్నా ఈ హామీయే మేలు.

చిన్న యజమానికి చిక్కేమిటంటే, పరిశ్రమతో ఒప్పందం అతనిది కాదు. పరిశ్రమ ఒక రవాణా కాంట్రాక్టరుతో కుదుర్చుకుంటుంది. కాంట్రాక్టరు సొంత బండ్లు కొన్ని నడిపి, మిగిలినవి అటాచ్‌ చేసుకుంటాడు. పై ఒప్పందంలో హామీ ఉన్నా అది కింది దాకా దిగివస్తుందన్న భరోసా లేదు. ఏ బండికి ఎన్నో ట్రిప్పు అన్నది ‘సీరియల్‌’ ప్రకారం సాగాలని లారీ యజమానులు పట్టుబట్టడం వెనక ఉన్న కారణమిదే. స్థానిక లారీలకే తొలి ప్రాధాన్యం అన్న నినాదం పాతదే గానీ, పారదర్శకమైన సీరియల్‌ లేనిచోట స్థానికుల మధ్యే తగవులు రేగుతాయి.

డీజిలు, అధిక లోడు

రాతకోతల్లో చాలామంది విడిచిపెట్టే మరో అంశం డీజిలు. లోడుతో ఒక వైపు, ఖాళీగా మరో వైపు కలిపి లీటరుకు సగటున మూడున్నర కిలోమీటర్లు వస్తుందనుకుంటే 120 కిలోమీటర్లకు 34 లీటర్ల పైచిలుకు ఖర్చవుతుంది. లీటరు ధర 5 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 170 రూపాయల అదనపు భారం. టన్నుకు దాదాపు 7 రూపాయలు. 50 ట్రిప్పులకు నెలకు 8,500 రూపాయలు దాటుతుంది. ఒప్పందం రాసుకున్న నాటి డీజిలు ధరను పత్రంలో నమోదు చేసి, ఆపై హెచ్చుతగ్గులను బట్టి కిరాయి మారాలన్న సూత్రం రాసుకుంటే ఈ తగవు తలెత్తదు. ధర తగ్గినప్పుడు కిరాయి తగ్గడానికి కూడా యజమాని సిద్ధపడాలన్నది ఆ సూత్రంలోని రెండో సగం.

టన్నుల లెక్కన కిరాయి ఇచ్చినప్పుడు మరో రెండు టన్నులు ఎక్కించుకోవాలన్న ఆశ సహజం. 2018 జులైలో కేంద్రం యాక్సిల్‌ బరువు పరిమితులను పెంచింది. దాంతో మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు, అత్యధిక పరిమితి 49 నుంచి 55 టన్నులకు చేరింది. హద్దు పెరిగింది గానీ హద్దు దాటితే వేసే శిక్ష సైతం పెరిగింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు జరిమానా. పట్టుబడిన ఒక్క రోజుతో పదుల ట్రిప్పుల అదనపు సంపాదన తుడిచిపెట్టుకుపోతుంది. స్థిర చెల్లింపు పద్ధతిలో ఈ ఆశకు తావే లేదన్నది గమనార్హం. ఎన్ని టన్నులు వేసినా నెలకు వచ్చే సొమ్ము మారదు.

సరిహద్దు దాటితే..

జగ్గయ్యపేటకు, మేళ్లచెరువుకు నడుమ దూరం పెద్దగా లేదు. 2014 జూన్‌ 2 తర్వాత అవి రెండు రాష్ట్రాల్లోకి వెళ్లాయి. అంతకు ముందు ఒకే రాష్ట్ర పర్మిటుతో తిరిగిన లారీలకు సరిహద్దు దాటేందుకు వేరే అనుమతి అవసరమైంది. దేశమంతటా తిరిగేందుకు నేషనల్‌ పర్మిట్‌ ఉంది. దానికి ఏడాదికి 16,500 రూపాయల ఉమ్మడి రుసుము చెల్లించాలి. అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరం తప్ప మరెక్కడికీ వెళ్లని బండికి దేశమంతటి పర్మిట్‌ ఎందుకన్నది యజమానుల వాదన. రెండు రాష్ట్రాలకు కలిపి తక్కువ రుసుముతో ఉమ్మడి పర్మిట్‌ ఇవ్వాలని విభజన తర్వాత లారీ యజమానుల సంఘాలు పలుమార్లు కోరాయి.

నేషనల్‌ పర్మిట్‌కు వయసు హద్దు కూడా ఉంది. సాధారణ లారీకి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్‌ వాహనానికి 15 ఏళ్లు. పైగా ఈ పర్మిట్‌పై వెళ్లిన బండి పొరుగు రాష్ట్రంలో ఒక ఊరిలో సరుకు ఎక్కించుకొని అదే రాష్ట్రంలోని మరో ఊరిలో దించకూడదు. మేళ్లచెరువులో బూడిద దించిన ఆంధ్రప్రదేశ్‌ బల్కర్‌ అక్కడి నుంచి హైదరాబాద్‌కు సిమెంటు వేసుకొని పోలేదు. ఖాళీ ప్రయాణానికి నిబంధన సైతం తోడైనట్లే. యాభై వేల రూపాయలు మించిన విలువ గల సరుకుకు ఈ-వే బిల్లు 2018 నుంచి అమల్లో ఉంది. బూడిద విలువ తక్కువే గనుక ఒక్కో లోడుకు ఆ చిక్కు అరుదు. సిమెంటు లోడుకు మాత్రం తప్పదు.

మున్నేరు పొంగిన నాడు

ఒకే దారిపై ఆధారపడితే ఆ దారి తెగిననాడు ఏమవుతుందో మున్నేరు చూపించింది. 2023 జులై చివరి వారంలో నందిగామ మండలం ఐతవరం వద్ద వరద నీరు జాతీయ రహదారిని ముంచెత్తడంతో హైదరాబాద్‌-విజయవాడ రాకపోకలు స్తంభించాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ఎడతెరిపి లేని వర్షాలకు ఇదే రహదారి మరోసారి తెగింది. మామూలు లారీ అయితే గుంటూరు, మిర్యాలగూడ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, అదనపు దూరానికి అదనపు కిరాయి మాట్లాడుకుంటుంది. నిర్ణీత మార్గానికి నిర్ణీత కిరాయి రాసుకున్న బల్కర్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్రకృతి వైపరీత్యాల రోజులను కనీస ట్రిప్పుల లెక్క నుంచి మినహాయించడం ఒప్పందాల్లో మామూలే. మినహాయింపు హామీకి వర్తిస్తుంది గానీ, బ్యాంకు వాయిదాకు వర్తించదు.

డ్రైవర్‌ కోణం విడిచిపెట్టడానికి వీల్లేదు. దూర ప్రయాణాల డ్రైవర్‌ వారాల తరబడి ఇంటి మొహం చూడడు. ఈ మార్గంలో పనిచేసేవారు రోజు విడిచి రోజైనా ఇంటికి చేరగలరు. అనుభవజ్ఞులు తక్కువ జీతానికైనా ఈ పనిని ఎంచుకోవడానికి అది ప్రధాన కారణం. అయితే ట్రిప్పుకు ఇంత బత్తా అన్న పద్ధతి వారినీ గడియారంతో పోటీకి నెడుతుంది. పగలంతా గేటు వద్ద నిరీక్షణ, రాత్రి లోడుతో ప్రయాణం. చట్టం చెప్పే రోజుకు 8 గంటల పనిలో నిరీక్షణ గంటలు కలుస్తాయా అని అడిగే వారు లేరు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే భారీ లారీలకు ఏసీ క్యాబిన్‌ తప్పనిసరైంది. మే నెలలో సున్నపురాయి గనుల నడుమ బండి నిలిపే డ్రైవర్‌కు అది విలాసం కాదు. పాత బండ్లలో ఉన్నవారికి మాత్రం ఆ భాగ్యం లేదు.

అన్‌లోడింగ్‌లోనూ అనుభవం అవసరమే. కంప్రెషర్‌తో ట్యాంకులోకి గాలి ఎక్కించి బూడిదను ద్రవంలా మార్చి గొట్టం గుండా సైలో పైకి పంపాలి. ఒత్తిడి ఎక్కువైతే గొట్టం అతుకులు విడతాయి, తక్కువైతే బూడిద గొట్టంలో గట్టకడుతుంది. గొట్టం విడిన క్షణంలో లేచే బూడిద మేఘం మొదట చేరేది డ్రైవర్‌ ఊపిరితిత్తుల్లోకే.

దామరచర్ల వైపు చూపు

ఇంతలో పటం మారుతోంది. నల్గొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం నిర్మితమై, 2024 డిసెంబరులో అందులోని రెండో యూనిట్‌ మొదటగా ప్రారంభమైంది. వాడపల్లి సిమెంటు కర్మాగారాలు అదే మండలంలో ఉన్నాయి. మఠంపల్లి, హుజూర్‌నగర్‌ ప్రాంతాలకు సైతం ఇబ్రహీంపట్నం కన్నా దామరచర్లే దగ్గర, పైగా రాష్ట్ర సరిహద్దు దాటే పని లేదు. బూడిద కిరాయిలో దూరానిదే పెద్ద పాలు. ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు ఐదూ పూర్తిస్థాయిలో నడిస్తే, తెలంగాణ వైపు కర్మాగారాలు దగ్గరి బూడిదను వదిలి దూరపు బూడిదను కొనడానికి కారణం కనిపించదు.

జగ్గయ్యపేట కర్మాగారాలకు ఇబ్రహీంపట్నమే దగ్గర గనుక ఆ దారి బల్కర్లకు వెంటనే ముప్పు లేదు. సరిహద్దు దాటి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నడిచే ఆంధ్రప్రదేశ్‌ బండ్ల సంగతి అది కాదు. బల్కర్‌ రుణం సాధారణంగా నాలుగైదేళ్లది. కాంట్రాక్టరుతో అటాచ్‌మెంటు పత్రం చాలాచోట్ల ఏడాదిది, కొన్నిచోట్ల రెండేళ్లది. సరుకు వచ్చే చోటు మారితే కాంట్రాక్టరు కొత్త మార్గానికి కొత్త బండ్లను కుదుర్చుకుంటాడు. బూడిద తప్ప మరేదీ మోయలేని ట్యాంకు, మరో మూడేళ్ల వాయిదాలు యజమాని వద్ద మిగులుతాయి. కొత్తగా బల్కర్‌ కొనదలచినవారు షోరూముకు వెళ్లేముందు రుణ గడువును, ఒప్పంద గడువును పక్కపక్కన పెట్టి చూసుకోవడం అందుకే అవసరం.